పొడి సమశీతోష్ణ ప్రాంతాల్లో కూరగాయలు ఎప్పుడు విత్తాలి, ఎప్పుడు నాటాలి

వానలు తక్కువగా కురిసి, చలికాలంలో నీరు గడ్డకట్టి, వేసవిలో పొడిగాలులు వీచే సమశీతోష్ణ ప్రాంతాల్లో కూరగాయల సాగుకు వీలైన కాలం ఆరేడు నెలలు ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ కాలమంతా ఒకే తీరుగా ఉంటుందనుకుని పంట వేస్తే నష్టం తప్పదు. వసంతంలో కొన్ని వారాల చల్లని గడువు, నడివేసవిలో వేడి, శరత్తులో మళ్లీ కొన్ని వారాల చల్లని గడువు వస్తాయి కాబట్టి, ఏ పంట ఏ గడువులో పూతకూ కోతకూ రావాలో ముందుగా తేల్చుకుని, అక్కడి నుంచి రోజులు వెనక్కి లెక్కపెట్టి విత్తే తేదీని నిర్ణయించుకోవాలి. చల్లదనం కోరే పంటలను ఆలస్యంగా వేయడం, వెచ్చదనం కోరే పంటలను తొందరపడి వేయడం అనే రెండు పొరపాట్ల వల్లే ఇలాంటి చోట ఎక్కువ పంట పోతుందని నా గట్టి అభిప్రాయం. నీటి కొరత కూడా చాలాసార్లు ఈ పొరపాట్ల తరువాతే పీడిస్తుంది.

ముందు రాసుకోవలసిన మూడు తేదీలు

మొదటిది, వసంతంలో గడ్డకట్టే మంచు పడే చివరి రాత్రి. రెండవది, పగటి వేడి రోజూ 30 డిగ్రీల సెల్సియస్ దాటడం మొదలయ్యే రోజు. మూడవది, శరత్తులో గడ్డకట్టే మంచు పడే మొదటి రాత్రి. మంచు తేదీలు వాతావరణ శాఖ రికార్డుల్లో దొరుకుతాయి; వేడి మొదలయ్యే రోజును మాత్రం చాలామంది లెక్కలోకి తీసుకోరు. చల్లని పంటలకు మంచు తేదీ కన్నా ఈ వేడి తేదీయే ముఖ్యం.

రికార్డుల్లో చెప్పే చివరి మంచు తేదీ సాధారణంగా సగటు తేదీ. అంటే సుమారు సగం ఏళ్లలో ఆ తేదీ తరువాత కూడా మంచు పడుతుందని అర్థం. చలికి తట్టుకునే పంటలకు ఆ సగటు సరిపోతుంది గానీ, టమాటా, మిరప వంటివాటికి మరో రెండు వారాలు ఆగడం మంచిది. పైగా గాలి పొడిగా, ఆకాశం నిర్మలంగా ఉండే ప్రాంతాల్లో పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రికి అడ్డూ ఆపూ లేకుండా పైకి వెళ్లిపోతుంది కాబట్టి, మధ్యాహ్నం 20 డిగ్రీలు ఉన్న రోజునే తెల్లవారుజామున మంచు పడవచ్చు. వాతావరణ కేంద్రాల్లో ఉష్ణమాపకాన్ని సుమారు మనిషి తల ఎత్తున అమరుస్తారు. గాలి లేని రాత్రి నేలను అంటుకుని ఉండే గాలి అంతకన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. అందువల్ల వాతావరణ సూచనలో 3 డిగ్రీలని చెప్పినా, ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆగిపోయిన సాయంత్రం మొక్కలను గుడ్డతో కప్పాలి. పల్లపు చోటులో చల్లగాలి చేరి నిలుస్తుంది గనుక అక్కడ ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. తడిసిన నేల పొడి నేల కన్నా ఎక్కువ వేడిని దాచుకుంటుంది. మంచు అనుమానం ఉన్న రోజు పగలే ఒక తడి ఇస్తే రాత్రి కొంత మేలు జరుగుతుంది.

ఈ వ్యాసంలో నెలల పేర్లు వచ్చిన చోట అవి ఉత్తరార్ధగోళానికి సంబంధించినవి. దక్షిణార్ధగోళంలో ఉన్నవారు ఆరు నెలలు కలుపుకోవాలి.

నేల వేడిని కొలిచి విత్తడం

గింజకు తెలిసేది తేదీ కాదు, తన చుట్టూ ఉన్న మట్టి వేడి. మామూలు ఉష్ణమాపకాన్ని విత్తే లోతుకు, అంటే రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల వరకు దించి, ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో వరుసగా నాలుగైదు రోజులు చూడాలి. మధ్యాహ్నం చూస్తే పైమట్టి వెచ్చగా కనిపించి మోసం చేస్తుంది. ఇసుక నేలలు, ఎత్తు మడులు త్వరగా వేడెక్కుతాయి, అంతే త్వరగా ఆరిపోతాయి. బంకమట్టి నేలలు ఆలస్యంగా వేడెక్కుతాయి.

బఠానీ, పాలకూర, లెట్యూస్, ముల్లంగి గింజలు 5 డిగ్రీల నేలలో కూడా మొలుస్తాయి, నెమ్మదిగానైనా. బఠానీకి 5 డిగ్రీల నేలలో ఐదు వారాలు పడితే 10 డిగ్రీల నేలలో రెండు వారాలు చాలు. క్యారెట్, బీట్‌రూట్ గింజలకు 7 నుంచి 10 డిగ్రీలు, బంగాళదుంపకు కనీసం 7 డిగ్రీలు ఉండాలి. బీన్స్, మొక్కజొన్న, దోస, గుమ్మడి 15 డిగ్రీలు దాటిన తరువాతే వేయాలి. పుచ్చ, కర్బూజ, బెండ 18 నుంచి 20 డిగ్రీల వరకు ఆగాలి. చల్లని తడి నేలలో వేసిన బీన్స్ గింజ మొలవకుండా కుళ్లిపోతుంది. ముందుగా వేసిన గింజ కన్నా రెండు వారాలు ఆగి వెచ్చటి నేలలో వేసిన గింజే తరచుగా ముందు కోతకు వస్తుంది.

వసంతపు చల్లని పంటలు

ఈ పంటల విషయంలో ఆలస్యం పనికిరాదు. బఠానీనే తీసుకుందాం. పగటి వేడి 30 డిగ్రీలకు చేరువవుతుంటే బఠానీ పూత నిలవదు, కాయలో గింజ సరిగా కట్టదు. ఒక చోట జూన్ 15 నాటికి అలాంటి వేడి మొదలవుతుందనీ, మనం వేసే రకం 65 రోజుల్లో కాయ ఇస్తుందనీ అనుకుంటే, వెనక్కి లెక్కపెట్టగా ఏప్రిల్ 11 వస్తుంది. వసంతపు నేలలో మొలక ఆలస్యమవుతుంది కాబట్టి మరో పది రోజులు వెనక్కి జరిగి ఏప్రిల్ 1కే విత్తాలి. ఆ నాటికి రాత్రిపూట మంచు పడుతూనే ఉండవచ్చు. బఠానీ లేత మొక్క తేలికపాటి మంచును తట్టుకుంటుంది గనుక భయపడనక్కరలేదు.

పాలకూర, లెట్యూస్, ముల్లంగి, ఉల్లి చివరి మంచుకు నాలుగు నుంచి ఆరు వారాల ముందు, క్యారెట్, బీట్‌రూట్, బంగాళదుంప రెండు మూడు వారాల ముందు వేయవచ్చు. ముల్లంగినీ లెట్యూస్‌నూ పది పన్నెండు రోజులకొకసారి కొద్దికొద్దిగా విత్తుతూ, పగటి వేడి 25 డిగ్రీలు దాటగానే ఆపేయాలి. పాలకూర వేడికే కాక పగటి నిడివికి కూడా స్పందిస్తుంది: పగలు 14 గంటలకు చేరితే ఆకు పెరగడం మాని పూకాడ వేస్తుంది. ఆ తరువాత ఎంత నీరు పెట్టినా ప్రయోజనం ఉండదు.

బంగాళదుంప మొలక ఒకవేళ మంచుకు మాడినా కింది కన్నుల నుంచి మళ్లీ వస్తుంది. మొలక కనిపించిన చోట మట్టి ఎగదోసి కప్పితే ఆ దెబ్బ కూడా తగలదు. నేల వేడి 29 డిగ్రీలకు చేరితే దుంప ఊరడం దాదాపు ఆగిపోతుంది కాబట్టి తొందరగా నాటడమే లాభం.

క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ నారును ఇంటిలోపల ఐదారు వారాలు పెంచి, చివరి మంచుకు మూడు నాలుగు వారాల ముందు నాటాలి. ఇక్కడ నారు వయసు చూసుకోవాలి. కాండం పెన్సిలంత లావెక్కిన ముదురు నారును నాటిన తరువాత పది డిగ్రీల లోపు చలి కొన్ని రోజులు కొనసాగితే, క్యాబేజీ గడ్డ కట్టకుండా పూకాడ వేస్తుంది, కాలీఫ్లవర్ బొత్తాలంత పువ్వు వేసి ఆగిపోతుంది. లేత నారుకు ఆ ప్రమాదం తక్కువ. ఉల్లిలో మరో సంగతి ఉంది: గడ్డ ఊరడాన్ని పగటి నిడివి మొదలుపెడుతుంది. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న చోట్ల 14 గంటలకు పైబడిన పగలు కోరే రకాలనే వేయాలి. ఆ నిడివి వచ్చేసరికి మొక్కకు ఎన్ని ఆకులుంటే గడ్డ అంత పెద్దదవుతుంది కాబట్టి, ఉల్లిని ఎంత ముందు నాటగలిగితే అంత మంచిది.

వెచ్చని పంటలు

వీటికి తొందర పనికిరాదు. టమాటా నారును నాటే రోజుకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, మిరప, వంగ నారును ఎనిమిది నుంచి పది వారాల ముందు లోపల పోసుకోవాలి. రాత్రి వేడి 10 డిగ్రీల కన్నా తగ్గని స్థితి వచ్చాక టమాటాను, 13 డిగ్రీల కన్నా తగ్గని స్థితి వచ్చాక మిరపనూ వంగనూ బయట నాటాలి. అంతకు ముందు నాటిన మిరప చావకపోయినా వారాల తరబడి ముడుచుకుని కూర్చుంటుంది. నాటే ముందు వారం పది రోజులు నారును బయటి గాలికి అలవాటు చేయడం ఎక్కడైనా మంచిదే గానీ, పొడి ప్రాంతంలో ఇది తప్పనిసరి. లోపల తేమలో పెరిగిన ఆకు పొడిగాలికి ఒక్క మధ్యాహ్నంలోనే అంచుల వెంట తెల్లబారి ఎండిపోతుంది. మొదటి రోజు గంటసేపు నీడలో, గాలి తగలని చోట ఉంచి, రోజురోజుకూ సమయం పెంచాలి. నాటడం సాయంత్రమే చేయాలి; ఈదురుగాలి ఉన్న రోజున వాయిదా వేయాలి.

టమాటా పూతకు కూడా హద్దులున్నాయి. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 డిగ్రీల కన్నా తగ్గకపోయినా, పుప్పొడి పనిచేయక పూత రాలుతుంది. నడివేసవి వేడి ఎక్కువగా ఉండే చోట త్వరగా కాపుకొచ్చే రకాలను ఎంచుకుంటే, తొలి పూత వేడికి ముందే పిందె కడుతుంది, రాత్రులు చల్లబడిన తరువాత రెండో కాపు వస్తుంది. పిందె పండు కావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది కాబట్టి, మొదటి మంచుకు ఆరు వారాల ముందు నుంచి వచ్చే కొత్త పూతను గిల్లేయవచ్చు.

గింజల ప్యాకెట్ మీద రాసిన రోజుల లెక్కలో ఒక తేడా గమనించాలి. నేరుగా విత్తే పంటలకు ఆ లెక్క విత్తిన నాటి నుంచి, టమాటా, మిరప, క్యాబేజీ వంటి నారు పంటలకు నాటిన నాటి నుంచి మొదలవుతుంది.

పదును చూసి విత్తడం

వేడి సరిపోయినా పదును, అంటే విత్తడానికి తగిన తేమ, లేని నేలలో విత్తితే ఫలితం ఉండదు. నాలుగు వేళ్ల లోతు నుంచి మట్టిని తీసి పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, బొటనవేలితో తాకితే ఆ ముద్ద విడిపోవాలి. వేలికి జిగటగా అంటుకుంటే నేల ఇంకా తడిగా ఉన్నట్టు. ముద్దే కట్టకపోతే విత్తడానికి ఒకటి రెండు రోజుల ముందు అడుగు లోతు వరకు తడి అందేలా నీరు పెట్టాలి. చలికాలపు మంచు కరిగి ఇంకిన తేమ వసంతంలో నేలలో కొంతకాలం ఉంటుంది. చల్లని పంటలను వేళకు వేస్తే ఆ తేమ కలిసివస్తుంది. బీన్స్, మొక్కజొన్న వంటి పెద్ద గింజలను ముందు తడిపిన నేలలో విత్తి, మొలక పైకి వచ్చేదాకా నీరు పెట్టకుండా ఉంటే పైన పెచ్చు కట్టదు. చాళ్ల అడుగున విత్తితే గాలి తగలక తేమ నిలుస్తుంది.

గడ్డి పరచడానికి కూడా వేళ ఉంది. చల్లని పంటలకు మొలక నిలదొక్కుకోగానే పరిస్తే నేల చల్లగా ఉంటుంది. వెచ్చని పంటలకు మాత్రం నేల బాగా వేడెక్కాకే పరచాలి, లేకపోతే ఆ గడ్డే చలిని పట్టి ఉంచుతుంది.

శరత్తు పంటలకు వేసవిలోనే విత్తడం

ఎక్కువమంది వదులుకునే అవకాశం ఇదే. మొదటి మంచు తేదీ నుంచి పంటకాలాన్ని వెనక్కి లెక్కపెట్టి, పొద్దు తగ్గేకొద్దీ ఎదుగుదల నెమ్మదిస్తుంది కాబట్టి దానికి రెండు వారాలు కలపాలి. మొదటి మంచు అక్టోబర్ 15 అనుకుంటే, 75 రోజుల క్యారెట్‌కు 89 రోజులు వెనక్కి వెళ్లాలి. అంటే జూలై 18న విత్తాలి. క్యాబేజీ నారును మొదటి మంచుకు సుమారు పది వారాల ముందు నాటాలి, ఆ నారును అంతకు ఐదు వారాల ముందు నీడలో పోయాలి. పాలకూరను ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, ముల్లంగిని నాలుగైదు వారాల ముందు విత్తవచ్చు.

జూలైలో క్యారెట్ మొలిపించడం శ్రమతో కూడిన పని. గింజను సెంటీమీటరు లోతుకు మించి వేయలేం, ఆ లోతులో మట్టి ఒక్క పూటలో ఆరిపోతుంది. అందుకని ముందు రోజు సాయంత్రం నిండుగా తడి ఇచ్చి, మర్నాడు పొద్దువాలాక రెండు మూడు సెంటీమీటర్ల లోతున సన్నని గాడిలా చాలు తీసి, అడుగున గింజ చల్లి, జల్లించిన ఎరువూ ఇసుకా కలిపి పలచగా కప్పాలి. దానిమీద తడిపిన గోనెపట్టా పరచి, రోజుకు రెండుసార్లు పట్టా మీదే నీళ్లు చిలకరించాలి. నేల 25 డిగ్రీల దగ్గర ఉంటే ఆరేడు రోజుల్లో మొలుస్తుంది గనుక, నాలుగో రోజు నుంచి పట్టా అంచు ఎత్తి చూస్తుండాలి. వంకీ తిరిగిన సన్నని మొలకలు కనిపించిన సాయంత్రమే పట్టా తీసేయాలి. మధ్యాహ్నం తీస్తే లేత మొలక ఎండకు మాడుతుంది, మర్నాటిదాకా ఉంచితే పట్టా పోగుల్లోకి అల్లుకుని లాగినప్పుడు ఊడివస్తుంది. లెట్యూస్ గింజ 30 డిగ్రీలు దాటిన మట్టిలో నిద్రావస్థలోకి వెళ్తుంది. తడిగుడ్డలో చుట్టి రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, ముక్కు పగిలాక నీడలో విత్తాలి.

పగటి వెలుగు పది గంటల కన్నా తగ్గాక మొక్క దాదాపు ఎదగదు. చలిలో తోటలోనే నిలబెట్టుకుని కోసుకోదలచిన పంటలు అప్పటికే దాదాపు పూర్తి పరిమాణానికి వచ్చి ఉండాలి. చలికాలంలోనే వానలు కురిసి, నేల గడ్డకట్టని చోట్ల మాత్రం శరత్తు తొలివానల పదునులోనే బఠానీ, ఉల్లి వేసుకోవడం వసంతం కన్నా మేలు.

ఏడాదిలో చివరగా నాటేది వెల్లుల్లి. పాయ రెబ్బలుగా విడిపోవాలంటే దానికి చలి తగలాలి కాబట్టి, నేల గడ్డకట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు, వేరు పట్టి ఆకు పెద్దగా పైకి రాని విధంగా నాటాలి. రెబ్బ మొన పైకి ఉండేలా ఐదు సెంటీమీటర్ల లోతున పెట్టి, నేల గడ్డకట్టడం మొదలయ్యాక జానెడు మందాన గడ్డి కప్పాలి. పైన మంచు పేరుకోని పొడి చలికాలంలో వెల్లుల్లి చలికన్నా బెట్టకే ఎక్కువగా చనిపోతుంది. కొన్ని వారాలు వానగానీ మంచుగానీ పడకపోతే, 5 డిగ్రీలు దాటిన ఒక రోజు, నేల గడ్డకట్టి లేనప్పుడు, మధ్యాహ్నం వేళ ఒక తడి ఇవ్వాలి. శరత్తులో వేసిన పాలకూర మడికి కూడా అలాగే గడ్డి కప్పి అదే తడి అందిస్తే, వసంతం మొదట్లో, కొత్తగా విత్తిన పాలకూర ఇంకా రెండాకుల మీద ఉండగానే, దాని ఆకు కోతకు వస్తుంది.