సైలెన్సర్ మార్చాక బండి పట్‌పట్‌మంటోందా? మ్యాపింగ్ కంటే ముందు చల్లటి ఇంజిన్ మీద ఒకసారి చూడండి

కొత్త సైలెన్సర్ వేయించుకున్న వారం పది రోజులకు నాకు వచ్చే ఫోన్లు దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. “అన్నా, యాక్సిలరేటర్ వదిలితే పట్‌పట్‌మని కొడుతోంది. మైలేజ్ పడిపోయింది. ఈసీయూ మ్యాపింగ్ చేయించమంటున్నారు, చేయించేదా?” అని. (ఈసీయూ అంటే ఇంజిన్‌కి ఎంత పెట్రోలు పోయాలో తేల్చే కంప్యూటర్, మ్యాపింగ్ అంటే అందులోని లెక్క మార్చడం.) బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఉండే మన కుర్రాళ్ల బండ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. ఆదివారం వస్తే నంది కొండకో, ఓపికుంటే బాగేపల్లి దాటి లేపాక్షికో, అక్కడి నుంచి ఏదో ఒక మట్టి దారిలోకో వెళ్లే హిమాలయన్లు, ఎక్స్‌పల్స్‌లు, అంటే మట్టి దారుల కోసం చేసిన బైకులు. వాళ్లందరినీ నేను ముందు అడిగేది ఒక్కటే: “పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, బెండ్ పైపు హెడ్‌కి కలిసే చోట చూశావా?” (హెడ్ అంటే ఇంజిన్ పై భాగం, బెండ్ పైపు అంటే అక్కడి నుంచి సైలెన్సర్ దాకా వచ్చే వంపు పైపు.) చూశానని చెప్పేవాళ్లు చాలా తక్కువ.

పాత సైలెన్సర్ విప్పడం, కొత్తది తగిలించడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. సౌండ్ విషయం ఒక్క మాటలో చెప్పేస్తాను. సైలెన్సర్ సంగతి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లోని 120వ రూల్‌లో ఉంది. శబ్దం పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద కేసు రాస్తారు. డీబీ కిల్లర్ (సైలెన్సర్ చివర శబ్దం తగ్గించే ముక్క) పీకేసి ఊళ్లోకి రాకండి. పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ బెండ్ పైపులో ఉండే బండ్లకు ఫుల్ సిస్టమ్ (బెండ్ పైపుతో సహా మొత్తం మార్చడం) జోలికి పోకుండా స్లిప్-ఆన్‌తో (వెనక సైలెన్సర్ ఒక్కటే మార్చడంతో) ఆగితే పొగ పరీక్ష దగ్గర తలనొప్పి ఉండదు.

మొదటి రోజు పొగ, పైపు రంగు మారడం

ఇవి సమస్యలు కావు. తయారీలో మిగిలిన నూనె, మీ చేతి మరకలు కాలి కాసేపు తెల్లటి పొగ వస్తుంది. స్టార్ట్ చేసే ముందు పైపును శుభ్రమైన గుడ్డతో తుడిస్తే మరకలు శాశ్వతంగా అచ్చు పడవు. స్టీలు పైపు బంగారు రంగుకు, తర్వాత నీలానికి తిరగడం మామూలే. నీలం రంగు చూసి బండి లీన్ (గాలికి తగినంత పెట్రోలు అందకపోవడం) అయిందని తేల్చేయకండి.

వదిలితే పట్‌పట్, ఐడిలింగ్ నిలకడగా లేదు, మైలేజ్ తగ్గింది, ప్లగ్ నల్లగా ఉంది

ఈ నాలుగూ కలిసి కనిపిస్తే నేను మ్యాపింగ్ మాటే ఎత్తను. ముందు లీక్ వెతుకుతాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం లోపలికి వెళ్లాలి.

ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్నప్పుడల్లా పైపులోకి గ్యాస్ ఒక దెబ్బలా వెళ్తుంది. ఆ దెబ్బ వెనకాలే కొద్ది క్షణం పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గుతుంది. హెడ్ దగ్గర జాయింట్‌లో వెంట్రుక మందం సందు ఉన్నా చాలు, ఆ క్షణంలో బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. థ్రాటిల్ వదిలినప్పుడు కాలకుండా మిగిలిన పెట్రోలు పైపులో ఉంటుంది. దానికి ఈ గాలి తోడై, వేడి పైపులోనే అంటుకుంటుంది. మీకు వినిపించే పట్‌పట్ అదే.

అసలు మోసం ఆ తర్వాత మొదలవుతుంది. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లకు పైపులో ఓటూ (ఆక్సిజన్) సెన్సర్ ఉంటుంది. మిగిలిపోయిన ఆక్సిజన్‌ను బట్టి మిశ్రమం సరిగ్గా ఉందో లేదో ఈసీయూకి చెప్పడం దాని పని. సందులోంచి దూరిన గాలికీ, ఇంజిన్‌లోంచి వచ్చిన ఆక్సిజన్‌కీ దానికి తేడా తెలియదు. “ఆక్సిజన్ ఎక్కువుంది, పెట్రోలు తక్కువైంది” అని చెప్తుంది. ఈసీయూ నమ్మి ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. ఇంజిన్ లోపల నిజానికి రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది, ప్లగ్ మసి పడుతుంది, మైలేజ్ పడిపోతుంది. స్కానర్ పెడితే సెన్సర్ వోల్టేజ్ 0.1 వోల్టు దగ్గరే వేలాడుతూ లీన్ అంటుంది. లీక్ లేకుంటే అది 0.1కీ 0.9కీ మధ్య ఆగకుండా ఊగుతూ ఉండాలి. సెన్సర్ లీన్ అంటోంది, ప్లగ్ నల్లగా ఉంది. ఈ రెండూ ఒకదానికొకటి పొసగకపోతే సెన్సర్‌కి ముందు ఎక్కడో గాలి దూరుతోందని అర్థం. ఆ స్థితిలో మ్యాపింగ్ చేయించడమంటే తప్పు త్రాసు పెట్టుకుని తూకం సరిచేసుకోవడమే.

ఈ పాఠం నేను నేర్చుకున్న బండి ఒక హిందూపురం అబ్బాయిది. ఫుల్ సిస్టమ్ వేసిన షాపువాళ్లే ఫ్యూయల్ కంట్రోలర్ (ఈసీయూ పోసే పెట్రోలును మార్చే డబ్బా) కూడా అమ్మారు. పట్‌పట్ కొద్దిగా తగ్గింది, మైలేజ్ మరీ దిగజారింది. నేను ప్లగ్ మార్చాను, థ్రాటిల్ బాడీ కడిగాను, ఎయిర్ ఫిల్టర్ మార్చాను. రెండు ఆదివారాలు పోయాయి. జాయింట్ దగ్గర చెయ్యి పెట్టి చూశాను కూడా, ఏమీ తగల్లేదు. అతను సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి నా దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ బాగా కాలి ఉండేది. కాలిన లోహం వ్యాకోచించి సందును మూసేస్తుందని ఆ రోజు నాకు తట్టలేదు. మూడో వారం రాత్రి బండి నా దగ్గరే ఉంచుకుని పొద్దున ఆరింటికి స్టార్ట్ చేస్తే, హెడ్ పక్కనుంచి చఫ్ చఫ్‌మని స్పష్టంగా వినిపించింది. ఐదు నిమిషాలకు ఆ శబ్దం దానంతట అదే పోయింది.

బెండ్ పైపు విప్పితే పైపు అంచు మీద కొత్త గ్యాస్కెట్ (జాయింట్‌లో నలిగి సందు మూసే రింగు) ఉంది, పైకి అంతా బాగానే ఉంది. టార్చ్ వేసి ఎగ్జాస్ట్ పోర్ట్ (హెడ్‌లో పైపు కూర్చునే రంధ్రం) లోపల చూస్తే అడుగున ఇంకో రింగు. కంపెనీ నుంచి వచ్చిన పాత గ్యాస్కెట్! వేల కిలోమీటర్లు నలిగి, కర్బన్ పట్టి, హెడ్‌లో భాగంలా కలిసిపోయింది. పాత పైపు తీసినప్పుడు అది పైపుతో పాటు రాదు, పోర్ట్‌లోనే ఉండిపోతుంది. విప్పినవాళ్లు “పాతది పడిపోయి ఉంటుంది” అనుకుని దాని మీదే కొత్తది పెడతారు. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి ఉంటే పైపు సమంగా కూర్చోదు, ఒక పక్క నొక్కుకుంటుంది, ఇంకో పక్క సందు మిగులుతుంది. అప్పటి నుంచి ఇదే తప్పును ఎన్నో బండ్లలో చూశాను. దీనికి అటువైపు తప్పూ ఉంది: కొత్త పైపు డబ్బాలో గ్యాస్కెట్ రాలేదని పాతదాన్నే మళ్లీ వాడేయడం. ఇది ఒక్కసారి నలగడానికి చేసిన రింగు. రెండోసారి నలగదు. ఫ్యూయల్ కంట్రోలర్ ధర ముందు దీని ధర లెక్కలోకే రాదు. మీ బండి మోడల్ చెప్పి జేసీ రోడ్డు స్పేర్ పార్ట్స్ షాపుల్లో అడగండి, లేదా సర్వీస్ సెంటర్‌లో కొనుక్కోండి. పైపు కొనే రోజే కొనిపెట్టుకోండి.

లీక్ పట్టుకునే పద్ధతి ఇది. బండి రాత్రంతా చల్లారి ఉండాలి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో వద్దు, బయటికి నెట్టుకురండి. మూసిన చోట కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. స్టార్ట్ చేసి మొదటి రెండు నిమిషాల్లోనే, సన్నగా చింపిన టిష్యూ కాగితాన్ని పటకారుతో పట్టుకుని ఫ్లాంజ్ (బెండ్ పైపును హెడ్‌కి నట్లతో బిగించే పట్టీ) చుట్టూ తిప్పండి. లీకున్న చోట కాగితం టపటపా కొట్టుకుంటుంది. కొందరు అగరబత్తి వాడతారు, పొగ బాగా చూపిస్తుంది గానీ ట్యాంకు కింద నిప్పు పెట్టడం నాకిష్టం లేదు. అనుమానం తీరకపోతే ఇంజిన్ ఆపి, కంప్యూటర్ల దుమ్ము ఊదే బ్లోయర్‌ను సైలెన్సర్ వెనక పెట్టి చుట్టూ గుడ్డ కుక్కి ఊదుతూ, జాయింట్ల మీద సబ్బునీళ్లు పోయండి. బుడగలు వచ్చిన చోటే లీకు. ఫ్లాంజ్ చుట్టూ నల్లటి మసి చార కనిపిస్తే ఈ పరీక్ష కూడా అక్కర్లేదు.

బుడగలు సెన్సర్ తర్వాతి జాయింట్‌లో, అంటే స్లిప్-ఆన్ క్లాంప్ దగ్గర వస్తే టెన్షన్ పడకండి. పట్‌పట్ ఉంటుంది గానీ సెన్సర్ లెక్క పెద్దగా చెడదు. క్లాంప్ సరిగ్గా బిగిస్తే సరిపోతుంది. సెన్సర్ లేని కార్బురేటర్ బండికి కూడా అంతే: శబ్దమే తప్ప మైలేజ్ గొడవ ఈ దారిన రాదు.

పాత రింగు తీసేటప్పుడు పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చుకోండి, ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకుని ఉంటుంది, ముక్కలు లోపల పడవు. కొక్కెంలా వంగిన సన్నని పనిముట్టుతో రింగు అంచును లోపలికి మడిచి లాగండి. హెడ్ అల్యూమినియం, గీత పడితే ఆ గీతే రేపటి లీకు. తర్వాత వేలు పెట్టి తడమండి, పోర్ట్ అడుగు నున్నగా, ఒకే మట్టంగా ఉండాలి. కొత్త రింగు జారిపోకుండా చిటికెడు గ్రీజు రాసి అతికించండి, అది తర్వాత కాలిపోతుంది. సిలికాన్ సీలెంట్ మాత్రం పూయకండి. హెడ్ దగ్గరి వేడికి అది నిలవదు, పైగా మామూలు సిలికాన్ ఆవిరి ఓటూ సెన్సర్‌ను పాడుచేస్తుంది.

ఇంత చేసినా బిగించే వరస తప్పితే మళ్లీ మొదటికే వస్తుంది. చాలామంది ముందు సైలెన్సర్‌ను వెనక బ్రాకెట్‌కి గట్టిగా బిగించి, తర్వాత ముందుకొచ్చి ఫ్లాంజ్ నట్లు లాగుతారు. అప్పుడు పైపు మొత్తం వంపులో ఇరుక్కుని హెడ్ దగ్గర ఒక పక్కకు వాలుతుంది. అన్నీ చేత్తోనే వదులుగా పెట్టండి. సైలెన్సర్ బోల్టు రంధ్రం బ్రాకెట్ రంధ్రానికి బలవంతం లేకుండా ఎదురెదురుగా రావాలి. రాకపోతే మధ్యలో వాషర్ వేయండి గానీ గుంజి కలపకండి. తర్వాత ఫ్లాంజ్ నట్లు ఇటో పావు చుట్టు, అటో పావు చుట్టు. హెడ్‌కీ ఫ్లాంజ్‌కీ మధ్య ఎడం రెండు పక్కలా సమానంగా ఉందో కంటితో చూసుకుంటూ బిగించండి. సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్ ఎంతో అంతే, “ఇంకొంచెం” అన్నారంటే స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) విరుగుతుంది. ఆ తర్వాత క్లాంప్, చివరగా వెనక బ్రాకెట్. ఒకసారి బాగా వేడెక్కేదాకా నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, ఫ్లాంజ్ నట్లు మళ్లీ చూడండి. రింగు నలిగి సర్దుకుని అవి కొంచెం వదులై ఉంటాయి. ఈ రెండో బిగింపు చేయక తిరిగొచ్చిన బండ్లు తక్కువేమీ కాదు.

గుంతలో పడితే ఠక్‌మంటోంది

రోడ్డు బండ్లకు ఇది అంతగా రాదు. మన బండ్లకు వెనక సస్పెన్షన్ చాలా దూరం కదులుతుంది. ఎక్స్‌పల్స్ 200కి 170 మి.మీ., హిమాలయన్ 411కి 180 మి.మీ. స్టాండ్ మీద నిలబెట్టి చూస్తే పైపుకీ స్వింగ్‌ఆర్మ్‌కీ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే కడ్డీ) మధ్య బోలెడు చోటు కనిపిస్తుంది. ఇద్దరు బరువైన మనుషుల్ని కూర్చోబెట్టి, వెనక భాగాన్ని కిందికి నొక్కించి అప్పుడు చూడండి. స్వింగ్‌ఆర్మ్ మీద, పైపు అడుగున మెరిసే గీత ఉంటే తగులుతోందనే. బ్రాకెట్ దగ్గర వాషర్లతో పైపును బయటికి జరపండి. జరిపాక సైడ్ బ్యాగ్ దగ్గరికి వచ్చిందేమో చూసుకోండి. కరిగిన బ్యాగు రోడ్డు మీద అంటుకుంటే మంట ట్యాంకుకు ఎంతో దూరంలో ఉండదు. హీట్ షీల్డ్ తప్పనిసరి.

కింద ఆర్‌పీఎమ్‌లో పికప్ లేదు

డీబీ కిల్లర్ తీసేశారా? తిరిగి పెట్టండి. సింగిల్ సిలిండర్ బండికి పైపు మరీ వెడల్పైతే తక్కువ స్పీడులో గ్యాస్ నెమ్మదించి, మొదటి గేర్‌లో రాళ్లెక్కే బలం పోతుంది. మీకు మట్టి దారిలో కావలసిందే ఆ బలం.

ఇంజిన్ లైటు వెలిగింది

ఓటూ సెన్సర్ కనెక్టర్ టిక్‌మనేదాకా లోపలికి వెళ్లిందా, వైరు పైపుకు ఆనుకుని కాలిందా, ఈ రెండూ చూడండి. కనెక్టర్ ఊడదీయకుండా సెన్సర్‌ను తిప్పి విప్పి ఉంటే లోపల వైర్లు మెలితిరిగి తెగి ఉండవచ్చు.

ఇవేవీ కాకపోతే

కొత్త పైపు వెల్డింగ్‌లో సన్నని పగులు, వాల్వ్ క్లియరెన్స్ బిగిసిపోవడం, పెట్రోలు పంపు ప్రెజర్ తగ్గడం లాంటివి మిగులుతాయి. నాకు ఇవి చాలా అరుదుగా తగిలాయి. పగులైతే పైన చెప్పిన సబ్బునీళ్లకే దొరుకుతుంది. మిగతా రెండూ సైలెన్సర్ మార్చకపోయినా వచ్చేవే కాబట్టి, వాటికి సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి.