గ్యాస్ పైపులైను విస్తరణ: అనుమతి ఎక్కడ ఇస్తారు, మన భూమి గెజిట్‌లోకి వస్తే అర్జీ ఎలా పెట్టాలి

గ్యాస్ పైపులైను వస్తోందని తెలిసిన రోజున మన వైపు రైతులు మొదట తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి అర్జీ ఇస్తారు. సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరుకు ఇంకొకటి ఇస్తారు. రసీదులు జేబులో పెట్టుకుని, మన మాట పైకి చేరిందనే ధైర్యంతో ఇంటికి వస్తారు. కానీ చట్టం ప్రకారం ఆ అభ్యంతరాన్ని విని తీర్పు చెప్పే అధికారి వేరే ఉన్నారు. ఆయన దగ్గర గడువు 21 రోజులు మాత్రమే.

మా పెదనాయన మామిడితోట విషయంలో ఇదే జరిగింది. తోట మధ్యలో రంగు పూసిన రాళ్లు నాటినప్పుడు "సర్వే కదా, చూసుకుని పోతారులే" అనుకున్నాడు. పంచాయతీ గోడకు అంటించిన కాగితాన్ని ఎవరూ చదవలేదు. కాపుకొచ్చిన తోతాపురి చెట్లు కొట్టేసే రోజున ఆయన పరుగెత్తినా గడువు దాటి చాలా కాలమైపోయింది. తోట గెట్టు వెంబడి పోనివ్వమని ఒక్క కాగితం సకాలంలో రాసి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ బాధపడతాడు. అందుకే ఈ విధానమంతా తిరుపతి, చిత్తూరు జిల్లాల రైతులకు పనికొచ్చేలా రాస్తున్నాను.

మన దగ్గరికే ఎందుకు వస్తాయి

చెన్నై దగ్గరి ఎన్నూరులో దిగుమతి గ్యాస్ టెర్మినల్ 2019లో మొదలైంది. అక్కడి నుంచి తమిళనాడు, కర్ణాటక వైపు వెళ్లే పెద్ద లైనులో తిరువళ్లూరు నుంచి బెంగళూరు వరకు ఉన్న 271 కిలోమీటర్ల భాగాన్ని 2022 మే 26న ప్రధాని ప్రారంభించారు. ఎన్నూరుకూ బెంగళూరుకూ మధ్యలో ఉన్నాం కాబట్టి ఈ లైన్ల సంగతి మనకు దూరం కాదు. నగర గ్యాస్ పంపిణీకి కూడా చిత్తూరు, కోలారు, వేలూరు జిల్లాలను కలిపి ఒకే ప్రాంతంగా చేశారు. మూడు జిల్లాలు, మూడు రాష్ట్రాలు. శ్రీసిటీ లాంటి చోట్ల ఫ్యాక్టరీలు పెరిగేకొద్దీ గ్యాస్ అవసరం పెరుగుతుంది, ఉన్న లైన్లు పెంచాలనే ప్రతిపాదనలూ వస్తాయి.

విస్తరణ అంటే ప్రతిసారీ కొత్త దారిలో పైపు వేయడమే కాదు. పాత పైపు పక్కనే ఇంకో పైపు వేయవచ్చు. దీన్ని లూప్‌లైను అంటారు. మధ్యలో కంప్రెసర్ స్టేషను కట్టి ఒత్తిడి పెంచవచ్చు. లేదా ప్రధాన లైను నుంచి ఒక కొమ్మ తీసి ఇంకో ఊరికి తీసుకెళ్లవచ్చు. ఈ మూడింటిలో మీ ఊరికి వచ్చింది ఏదో ముందు తెలుసుకోండి. పైపు వెళ్లే పట్టీలో భూమి మీ పేరు మీదే ఉంటుంది, వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. కంప్రెసర్ స్టేషను, వాల్వ్ స్టేషను లాంటివాటికి మాత్రం భూమినే పూర్తిగా తీసుకోవాలి. ఈ రెండింటి చట్టాలూ వేరు, డబ్బు లెక్కలూ వేరు. ఇక్కడ నేను చెప్పేది పైపు పట్టీ గురించి.

కంపెనీ ఎక్కడ దరఖాస్తు చేస్తుంది

సహజవాయువు కేంద్రం పరిధిలోని విషయం. దాని మీద చట్టాలు చేసే అధికారం రాష్ట్రాలకు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2004లోనే చెప్పింది. కాబట్టి అనుమతి విజయవాడలోనో చిత్తూరు కలెక్టరేటులోనో రాదు. ఢిల్లీలోని పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి ఇస్తుంది. దాన్ని పీఎన్‌జీఆర్‌బీ అంటారు. 2006 చట్టం కింద ఏర్పడింది. ఆ చట్టంలోని సెక్షన్ 16 ప్రకారం, అందరి గ్యాస్‌ను మోసే పైపులైనును వేయాలన్నా, నడపాలన్నా, విస్తరించాలన్నా మండలి అనుమతి ఉండాల్సిందే. సెక్షన్ 17 కింద నిర్ణీత ఫారంలో, ఫీజు కట్టి దరఖాస్తు పెట్టాలి. 2008లో వచ్చిన నిబంధనల్లో వివరాలు ఉన్నాయి: గ్యాస్ ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరు కొంటారు, దారి ఏది, సామర్థ్యం ఎంత, అందులో ఇతర కంపెనీల కోసం ఎంత వాటా ఉంచుతారు. పూర్తిగా కొత్త లైను అయితే మండలి పోటీ బిడ్లు పిలుస్తుంది. ప్రతిపాదనను తన వెబ్‌సైటులో పెట్టి అభిప్రాయాలు అడుగుతుంది.

ఆ దశలో రైతు కూడా రాయవచ్చు. ఈమెయిలు పంపితే చాలు. దారి ఇంకా కాగితం మీదే ఉంటుంది కాబట్టి "ఈ ఊళ్లో మామిడితోటలు ఎక్కువ, రోడ్డు పక్కన ఖాళీ ఉంది" అనే మాటకు అప్పుడు విలువ ఉంటుంది. కానీ నిజం చెప్పాలంటే ఆ సంగతి మన ఊళ్ల దాకా సాధారణంగా రాదు. మండలి ఉత్తర్వు మీద నొచ్చుకున్నవాళ్లు 30 రోజుల్లో విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆ దారి కంపెనీలు ఎక్కువగా వాడుతాయి.

అడవి భూమి తగిలితే అటవీ అనుమతి వేరేగా కావాలి. శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానం, కౌండిన్య అభయారణ్యం, పులికాట్ వంటి చోట్ల గుండా వెళితే పర్యావరణ, వన్యప్రాణి అనుమతులు కూడా తోడవుతాయి. జాతీయ రహదారి, రైలు పట్టాలు దాటడానికి ఆయా శాఖల అనుమతి ఉండాలి. ఇవన్నీ కంపెనీ చూసుకునే పనులు.

గెజిట్ వచ్చిన రోజు నుంచి

1962లో వచ్చిన పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం రైతుకు ముఖ్యమైనది. కేంద్ర ప్రభుత్వం సెక్షన్ 3 కింద గెజిట్‌లో ఒక నోటిఫికేషన్ ఇస్తుంది. "ఈ గ్రామాల్లో, ఈ సర్వే నంబర్లలో పైపు వేయడానికి వినియోగ హక్కు తీసుకోవాలని అనుకుంటున్నాం" అన్నది దాని సారాంశం. కింద పట్టికలో మీ సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి. విస్తీర్ణం హెక్టార్, ఆర్, చదరపు మీటర్లలో రాస్తారు. 0-08-50 అని ఉంటే ఎనిమిదిన్నర ఆర్లు. ఒక ఆర్ సుమారు రెండున్నర సెంట్లు కాబట్టి దాదాపు 21 సెంట్లు. చాలామంది ఆ సున్నాలు చూసి అరసెంటు కూడా పోదని పొరబడతారు.

ఈ నోటిఫికేషన్ తర్వాత సర్వే కోసం పొలంలోకి వచ్చే హక్కు వాళ్లకుంటుంది, అడ్డుకోవద్దు. అభ్యంతరం సెక్షన్ 5 కింద కాంపిటెంట్ అథారిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆయన చాలాసార్లు రెవెన్యూ శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన డిప్యూటీ కలెక్టరు స్థాయి అధికారి. పేరు, ఆఫీసు చిరునామా గెజిట్‌లోనే ఉంటాయి. చట్టంలో 21 రోజులు నోటిఫికేషన్ తేదీ నుంచి లెక్క. గెజిట్ ప్రతులు జనానికి అందుబాటులోకి వచ్చిన తేదీ నుంచి అని నోటిఫికేషన్లలో రాస్తుంటారు. మీరు మాత్రం గెజిట్ తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. ఆ తర్వాత తేదీ గురించి వాదించాల్సిన టెన్షన్ ఉండదు.

పట్టాదారే అర్జీ పెట్టాలని లేదు. ఆ భూమితో సంబంధమున్న ఎవరైనా పెట్టవచ్చు. డీకేటీ పట్టా (ప్రభుత్వం పంచిన భూమికి ఇచ్చే పట్టా) ఉన్నవాళ్లు, కౌలుకు చేసేవాళ్లు వెనకాడవద్దు. 2019 చట్టం కింద ఇచ్చిన కౌలు రైతు కార్డు ఉంటే జత చేయండి. అన్నదమ్ముల ఉమ్మడి భూమి అయితే అందరూ సంతకాలు పెడితే మంచిది, లేదంటే తలా ఒక అర్జీ ఇవ్వండి.

ఏం రాయాలి అన్నదే అసలు సంగతి. "మా భూమి ఇవ్వం, ప్రాజెక్టు ఆపండి" అని రాస్తే ఆ అధికారి చేయగలిగింది ఏమీ ఉండదు. చట్టంలోని సెక్షన్ 7 కొన్ని చోట్ల పైపు వేయకూడదని స్పష్టంగా చెప్పింది. నోటిఫికేషన్ తేదీకి ముందు నివాసానికి వాడుతున్న భూమి, శాశ్వత కట్టడం ఉన్న భూమి, ఇంటిని అంటిపెట్టుకుని ఉన్న స్థలం. అలాగే నేల పైభాగం నుంచి ఒక మీటరు కన్నా తక్కువ లోతులో వేయకూడదు. మీ అభ్యంతరం వీటిలో దేనికిందికి వస్తుందో దానితోనే మొదలుపెట్టండి. ఇల్లు నోటిఫికేషన్‌కు ముందే ఉందని చూపడానికి ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు పెట్టండి. వీటిలోకి రాని తోట, బోరు, చెరకు కయ్య అయితే పక్కదారి చూపించండి. ఎఫ్‌ఎంబీ (మీ సర్వే నంబరు కొలతల పటం) నకలు మీద పెన్సిలుతో మీరే గీయండి: ఇక్కడ బోరు, ఇది గెట్టు, ఇది బండ్లబాట, ఈ పక్కగా పోతే ఒక్క చెట్టూ పోదు. నేను చూసినంతలో అధికారులు ఓపిగ్గా చూసేది ఈ గీతలనే.

ఒక నమూనా ఇస్తున్నాను. మీ మాటల్లో మార్చుకోండి. ఇందులో ఎస్.ఓ. నంబరు అంటే గెజిట్‌లో ఆ నోటిఫికేషన్‌కు ఇచ్చిన నంబరు.

"కాంపిటెంట్ అథారిటీ గారికి. విషయం: 1962 చట్టం సెక్షన్ 5 కింద అభ్యంతరం. ఫలానా తేదీ గెజిట్, ఎస్.ఓ. నంబరు ఫలానా. అయ్యా, పై నోటిఫికేషన్‌లో మా గ్రామంలోని సర్వే నంబరు ఫలానాలో ఇంత విస్తీర్ణం చూపారు. ఆ పట్టీలో మా బోరుబావి, పన్నెండేళ్ల వయసున్న ఇన్ని మామిడి చెట్లు ఉన్నాయి. బోరు పోతే మిగిలిన మూడెకరాలకు నీళ్లు లేవు. పట్టీని తూర్పు గెట్టు వైపు ఇన్ని మీటర్లు జరిపితే బోరు, చెట్లు రెండూ మిగులుతాయి. నక్ష జతచేశాను. నన్ను స్వయంగా విచారించి, స్థలం చూసిన తర్వాతే ఉత్తర్వు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను."

దీనికి పాస్‌బుక్కు, 1బి, అడంగల్ నకళ్లు, తేదీ కనిపించే ఫొటోలు, బోరు కరెంటు సర్వీసు నంబరు జతచేయండి. రెండు ప్రతులు తయారుచేసి ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. ఆఫీసు దూరమైతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. విచారణకు పిలిచినప్పుడు మీరే వెళ్లవచ్చు, లాయరునూ పంపవచ్చు. ఆ అధికారి ఇచ్చే ఉత్తర్వే చట్టం ప్రకారం తుది నిర్ణయం. ఆ తర్వాత మిగిలేది హైకోర్టు. సెక్షన్ 6 కింద ప్రకటన వస్తే వినియోగ హక్కు వెళ్లిపోయినట్టే. నోటిఫికేషన్ వచ్చిన ఏడాదిలోపు ఆ ప్రకటన రాకపోతే మాత్రం నోటిఫికేషన్ దానంతటదే చెల్లకుండా పోతుంది. ఆ తేదీని కూడా గుర్తుపెట్టుకోండి.

భయం గురించి ఒక మాట. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి పదిహేను మందికి పైగా చనిపోయారు. ఆ ఫొటోలు చూసిన ఎవరికైనా ఇంటి దగ్గర పైపు అంటే గుండె జారుతుంది. ఆ భయాన్ని దాచుకోవద్దు, కానీ ప్రశ్నలుగా మార్చి అర్జీలో రాయండి. చుట్టుపక్కల ఇళ్ల సంఖ్యను బట్టి పైపు దారిని నాలుగు తరగతులుగా విభజిస్తారు. జనం ఎక్కువైతే పైపు మందం పెరగాలి, లేదా ఒత్తిడి తగ్గాలి. మా ఊరిని ఏ తరగతిలో పెట్టారు? కొత్త కాలనీని లెక్కలోకి తీసుకున్నారా? పాత లైనులోనే ఒత్తిడి పెంచుతుంటే ఆ పైపు లోపలి తుప్పును ఎప్పుడు పరీక్షించారు? ఈ ప్రశ్నలకు జవాబు రాతలో అడగండి.

నష్టపరిహారం రెండు భాగాలు

మొదటిది, నిజంగా జరిగిన నష్టం: పంట, చెట్లు, కంచె, డ్రిప్పు పైపులు, బోరు, భూమి రెండు ముక్కలై కొన్నాళ్లు అవతలికి వెళ్లలేకపోవడం. రెండోది, వినియోగ హక్కు తీసుకున్నందుకు ఆ పట్టీ మార్కెట్ విలువలో పది శాతం. సెక్షన్ 3 నోటిఫికేషన్ తేదీ నాటి విలువే లెక్క.

ఉదాహరణకు 20 మీటర్ల వెడల్పు పట్టీ మీ పొలంలో 100 మీటర్లు వెళ్లిందనుకుందాం. అంటే 2,000 చదరపు మీటర్లు, సుమారు 49 సెంట్లు. ఎకరా 20 లక్షలైతే ఆ పట్టీ విలువ దాదాపు 9 లక్షల 88 వేలు. అందులో పది శాతం అంటే 98,800 రూపాయలు. ఎకరా విలువను ఎంతగా నిర్ణయించారన్నదే ఇక్కడ కీలకం. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చుట్టుపక్కల పొలాల అమ్మకం దస్తావేజుల నకళ్లు తీసుకుని పెట్టండి.

మామిడి రైతులు ఇంకొకటి తప్పక రాయాలి. సెక్షన్ 9 ప్రకారం ఆ పట్టీలో ఇకమీదట చెట్టు నాటకూడదు, బావి తవ్వకూడదు, కట్టడం కట్టకూడదు. వేరుశనగ, వరి లాంటివి మామూలుగా వేసుకోవచ్చు. అంటే చెరకు రైతుకు పోయేది ఒక పంట, మామిడి రైతుకు పోయేది తోట. కొట్టేసిన చెట్టు ధరతో సరిపెట్టకుండా, ఆ చెట్టు ఇంకా ఎన్నేళ్లు కాసేదో లెక్కకట్టి అడగండి. ఉద్యానశాఖ అధికారి అంచనా వేసేటప్పుడు మీరు అక్కడే ఉండండి. పంచనామాలో చెట్ల సంఖ్య, వయసు సరిగ్గా రాశారో లేదో చదివిన తర్వాతే సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే పెట్టవద్దు.

మొత్తాన్ని మొదట కాంపిటెంట్ అథారిటీ నిర్ణయిస్తారు. అది న్యాయంగా లేదనిపిస్తే మీ భూమి ఏ జిల్లా జడ్జి పరిధిలో ఉందో అక్కడ దరఖాస్తు వేయాలి. ఆలస్యం చేయకుండా ఉత్తర్వు చేతికందిన వారంలోనే లాయరును కలవండి. చెక్కు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టడం మంచి అలవాటు.

పాత పట్టీలోనే రెండో పైపు వేస్తే

విస్తరణలో ఇది ఎక్కువగా ఎదురవుతుంది. పాత పైపుకు అప్పట్లోనే డబ్బు ఇచ్చేశాం కదా అంటారు. ముందు పాత గెజిట్‌లోని విస్తీర్ణాన్ని ఇప్పుడు రాళ్లు నాటిన వెడల్పుతో పోల్చండి. ఒక్క మీటరు పెరిగినా కొత్త నోటిఫికేషన్ అడగండి. పెరగకపోయినా, మళ్లీ తవ్వినందువల్ల జరిగే పంట నష్టానికి మీకు హక్కుంది. వేయబోతున్న, వేస్తున్న, వేసేసిన పైపు వల్ల కలిగే నష్టం ఏదైనా పరిహారం కిందికి వస్తుందని చట్టంలోనే ఉంది. మరమ్మతుకు వచ్చి వేరుశనగ తొక్కేసినా అంతే. తవ్వేటప్పుడు పైమట్టిని పక్కన పోసి చివర్లో పైనే కప్పమని మొదటిరోజే చెప్పండి. కింది గులకమట్టి పైకొస్తే ఆ పట్టీలో కొన్నేళ్లు పంట ఎత్తురాదు.

పని అయిపోయాక గెజిట్ నకలు, పంచనామా, ఉత్తర్వు, చెల్లింపు కాగితాలు పాస్‌బుక్కుతో పాటే ఒక కవరులో ఉంచండి. రేపు అన్నదమ్ములు భాగాలు పంచుకునేటప్పుడు ఆ పట్టీ ఎవరి వాటాలోకి వెళుతుందో భాగపరిష్కార పత్రంలో కొలతలతో రాయించండి. ఆ వాటా వచ్చినవాళ్లు అక్కడ ఇల్లు కట్టుకోలేరు.