జీవిత చరిత్ర రాయబోయేవారికి రాబర్ట్ కారో పద్ధతి

జీవిత చరిత్ర రాయాలనుకునేవారు తొందరపడి చేసే పొరపాటు వెంటనే కలం పట్టడం. 1935లో న్యూయార్క్‌లో పుట్టి, న్యూస్‌డే దినపత్రికలో విలేకరిగా రాటుదేలి, ఆపైన జీవిత చరిత్రలకు రెండుసార్లు పులిట్జర్ బహుమతి అందుకున్న రాబర్ట్ కారో దగ్గర రాత అన్నిటికంటే చివర వస్తుంది.

ముందుగా కాగితాల సంగతి చూడండి. ప్రతి పుటా తిప్పి చూడమని న్యూస్‌డే సంపాదకుడు ఆలన్ హాత్‌వే చెప్పిన మాటను కారో ఎన్నడూ విడిచిపెట్టలేదు. ఆస్టిన్‌లోని లిండన్ జాన్సన్ (కారో జీవిత చరిత్ర రాస్తున్న అమెరికా మాజీ అధ్యక్షుడు) గ్రంథాలయంలో చప్పగా కనిపించే దస్త్రాలను తిరగేస్తుండగా, చెక్కులు సకాలంలో చేరాయా అని ఆరా తీస్తూ గుత్తేదారు జార్జ్ బ్రౌన్ 1940లో పంపిన టెలిగ్రాం దొరికింది; అప్పటికి యువ కాంగ్రెస్ సభ్యుడైన జాన్సన్ పలుకుబడి వెనక ఎవరి డబ్బు ఉందో దానితో తేలింది. పేరు చూసి దస్త్రాలను ఎంచుకునేవారికి ఇలాంటివి చిక్కవు.

తర్వాత ఆ మనిషి పుట్టిపెరిగిన చోట కాపురం పెట్టండి. కారో దంపతులు జాన్సన్ పెరిగిన టెక్సస్ హిల్ కంట్రీ ప్రాంతంలో దాదాపు మూడేళ్లు ఉన్నారు. అక్కడొక వృద్ధురాలు చేద చేతికిచ్చి బావిలో నీళ్లు తోడమన్నప్పుడు, కరెంటు రాకముందు అక్కడి ఆడవాళ్ల నడుములు ఎందుకు వంగిపోయేవో ఆయనకు బరువుతో సహా తెలిసింది.

మనుషులను మాట్లాడించడం మరీ ఓపిక కోరే పని. జాన్సన్ తమ్ముడు శామ్ హ్యూస్టన్ మొదట్లో అన్నీ సన్మాన సంచికలకు సరిపోయే కథలే చెప్పేవాడు. (ఆ కథలతోనే తృప్తిపడే జీవిత చరిత్రలు మన దగ్గరా తక్కువేమీ లేవు.) కారో ఆయనను సందర్శకులు వెళ్లిపోయాక జాన్సన్ సిటీలోని వారి చిన్ననాటి ఇంటికి తీసుకువెళ్లి, భోజనాల బల్ల దగ్గర ఆయన చిన్నప్పుడు కూర్చున్న చోటే కూర్చోబెట్టి, తాను కంటికి ఆనకుండా వెనక కూర్చుని, తండ్రికీ అన్నకూ జరిగిన గొడవలు చెప్పమన్నారు. అవి బయటికి వచ్చాక పాత కథలను మళ్లీ అడిగితే, అవి అసలు జరగలేదని ఆయనే ఒప్పుకున్నాడు. ఇంటర్వ్యూలో మౌనాన్ని మీరు పూరించకండి. కారో తన నోటుపుస్తకంలో నోరు మూసుకొమ్మని తనకు తానే రాసుకుంటారు.

ఇవన్నీ అయ్యాక పుస్తకం సారాన్ని రెండు మూడు పేరాల్లోకి కుదించి, అది కుదిరే వరకు మొదటి అధ్యాయం జోలికి పోకండి. ఖర్చు విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోవడం మంచిది: న్యూయార్క్ రూపురేఖలు మార్చిన రాబర్ట్ మోజెస్ మీద కారో రాసిన పుస్తకం ఏడేళ్లు పట్టి 1974లో వెలువడింది, మధ్యలో డబ్బు అయిపోయినప్పుడు ఆయన భార్య, ఐనా కారో, ఆయనకు చెప్పకుండానే ఇల్లు అమ్మేశారు.