గడ్డం ఎబర్‌హార్డ్‌ను ఒక్కరోజులో చూసి రావడం ఎలా?

స్టుట్‌గార్ట్ చుట్టుపక్కలకి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు ఒక్కసారైనా మెట్‌జింగెన్ ఔట్‌లెట్లకి వెళ్తారు. ఈసారి అదే స్టేషన్‌లో దిగి, షాపుల వైపు పోకుండా బాడ్ ఊరాఖ్ వెళ్లే చిన్న రైలెక్కండి. జర్మనీ మధ్యయుగం చివరి రోజుల్లో నాకు అందరికన్నా ఇష్టమైన పాలకుడు, గడ్డం వల్ల ‘గడ్డం ఎబర్‌హార్డ్’ అని పేరుపడ్డ కౌంట్ ఎబర్‌హార్డ్ పుట్టిన ఊరది. దేశమంతా లోకల్ రైళ్లలో చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే ఈ రోజు మొత్తానికి వేరే రైలు ఖర్చే ఉండదు. సోమవారం మాత్రం పెట్టుకోకండి, మ్యూజియాలు మూసి ఉంటాయి. ఆదివారం పొద్దున చర్చిల్లో ప్రార్థన జరుగుతుంది కాబట్టి శనివారమే మేలు.

బయల్దేరే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఈయన కథకి మూలం అన్నదమ్ముల పంపకం. 1442లో ఉల్రిష్, లుడ్విగ్ అనే ఇద్దరు సోదరులు తమ రాజ్యం వుర్టెంబర్గ్‌ని రెండు వాటాలు చేసుకున్నారు. స్టుట్‌గార్ట్ వాటా ఉల్రిష్‌ది, ఊరాఖ్ వాటా లుడ్విగ్‌ది. ఆ లుడ్విగ్ కొడుకే మన ఎబర్‌హార్డ్. 1445లో పుట్టాడు, ఐదేళ్లు నిండకముందే తండ్రి పోయాడు, అన్న కూడా పోయాక పద్నాలుగేళ్లకే పాలన చేతికొచ్చింది.

ఊరాఖ్‌లో ముందు కోటకి వెళ్లండి. పామ్ హాలు గోడల మీద ఖర్జూర జాతి చెట్లు, వాటితో పాటు ఆయన పూర్వీకుల వంశచిహ్నాలు కనిపిస్తాయి. 1468లో జెరూసలేం యాత్ర చేసొచ్చాక ఆ చెట్టునే తన గుర్తుగా పెట్టుకున్నాడు. 1474లో ఇటలీలోని మాంటువా నుంచి వచ్చిన బార్బరా గొంజాగాతో పెళ్లి జరిగింది కూడా ఈ ఊళ్లోనే. పక్కనే ఆమాండుస్ చర్చిలో 1472 నాటి ఆయన ప్రార్థనా పీఠం ఉంది. ఆ చెక్కపని దగ్గర తొందరపడకండి. ఆయన కూర్చున్న చోటికి అంత దగ్గరగా వెళ్లగలగడం నాకైతే చాలా గొప్పగా అనిపిస్తుంది.

బయటికొచ్చి కొండవైపు తలెత్తి చూడండి. ఆ శిథిలాలు హోహెన్ ఊరాఖ్ కోటవి. మతి స్థిమితం లేదంటూ దాయాది హైన్రిష్‌ని (స్టుట్‌గార్ట్ ఉల్రిష్ కొడుకు) ఎబర్‌హార్డ్ 1490లో అక్కడే బంధించాడు. మంచి పాలకుడని వినొచ్చినవాళ్లు ఆ కొండని కూడా చూసి తీరాలి.

తర్వాత మళ్లీ మెట్‌జింగెన్ మీదుగా ట్యూబింగెన్. సగం రోజు ఇక్కడే గడపండి. ఎబర్‌హార్డ్‌కి చిన్నప్పుడు లాటిన్ నేర్పలేదు, అందుకే పుస్తకాలు జర్మన్‌లోకి రాయించుకుని చదివేవాడు. అలాంటి మనిషి 1477లో ఇక్కడ యూనివర్సిటీ పెట్టాడు. ఆయన తల్లి మెష్‌తిల్డ్‌ చదువంటే ప్రాణం పెట్టేది, ఈ పనిలో ఆమె ప్రభావం చాలా ఉంది. మరి డబ్బెక్కడిది? సిండెల్‌ఫింగెన్ మఠానికి వచ్చే ఆదాయంలో పెద్ద భాగాన్ని, అక్కడి మతాధికారుల పదవులని 1476లో ట్యూబింగెన్‌కి మార్పించాడు. ఇప్పుడు మెర్సిడెస్ ఫ్యాక్టరీ ఉన్న సిండెల్‌ఫింగెనే. మనవాళ్లు చాలామంది రోజూ డ్యూటీకి వెళ్లే ఊరి రాబడితో ఈ యూనివర్సిటీ మొదలైందని తెలిశాక నేను ఆ ఊరిని చూసే తీరే మారిపోయింది.

ష్టిఫ్ట్ చర్చిలో గర్భాలయం లాంటి భాగంలో వుర్టెంబర్గ్ వంశం సమాధులు వరసగా ఉంటాయి. ఎబర్‌హార్డ్‌ని మొదట ఐన్‌సీడెల్ మఠంలో పెట్టి, 1537లో ఇక్కడికి తెచ్చారు. అక్కడ నిలబడ్డప్పుడు ఇంకో విషయం గుర్తుంచుకోండి. యూనివర్సిటీకి హక్కులిచ్చిన 1477 పత్రంలోనే యూదులు ఈ ఊళ్లో ఉండకూడదని రాయించాడు. తన వీలునామాలో వుర్టెంబర్గ్ మొత్తం మీదే వాళ్లు ఉండొద్దన్నాడు. పిల్లల్ని తీసుకెళ్తే ఈ మాట దాచకండి. చదువుల తల్లికి గుడి కట్టినవాడే కొందరి ఇళ్లు ఖాళీ చేయించాడు.

చివరి మజిలీ స్టుట్‌గార్ట్ పాత కోట. మ్యూజియం మూసేసే వేళయినా లోపలి ఆవరణలో గుర్రం మీద ఎబర్‌హార్డ్ విగ్రహం చూడొచ్చు, 1859 నాటిది. కత్తి కన్నా కాగితంతోనే ఆయన ఎక్కువ సాధించాడు. 1482లో మ్యున్‌సింగెన్ ఒప్పందంతో రెండు వాటాలనీ కలిపి, ఇక ఈ రాజ్యాన్ని పంచుకోకూడదని రాయించాడు. రాజధాని స్టుట్‌గార్ట్ అయింది. 1495లో వోర్మ్స్ ఊళ్లో జరిగిన సభలో జర్మన్ రాజు మాక్సిమిలియన్, కౌంట్‌గా ఉన్న ఆయన్ని అంతకన్నా పై హోదా అయిన డ్యూక్‌ని చేశాడు. ఏడాది తిరక్కుండానే, 1496 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. వారసుడు లేడు. తర్వాత గద్దెనెక్కిన ఇంకో దాయాదికి పాలన చేతకాక రెండేళ్లకే దించేశారు, హైన్రిష్ కొడుకు (ఈయన పేరూ ఉల్రిష్‌యే) వచ్చాడు. ఇంత జరిగినా రాజ్యం మాత్రం ముక్కలవలేదు.