రాన్సమ్‌వేర్ పడిన ఇంటి కంప్యూటర్‌ను బాగుచేసుకోవడం ఎలా?

కంప్యూటర్ ఆన్ చేస్తే ఒక్క ఫోటో తెరుచుకోదు. ప్రతి ఫైలు పేరు చివర ఎన్నడూ చూడని నాలుగైదు అక్షరాల తోక కనిపిస్తుంది. ప్రతి ఫోల్డర్‌లో 'రీడ్‌మీ' అనే టెక్స్ట్ ఫైలు ఉంటుంది. అందులో దాదాపు వెయ్యి డాలర్లు కట్టాలనీ, 72 గంటల్లోపు మెయిల్ పెడితే అందులో సగానికే తాళం చెవి ఇస్తామనీ రాసి ఉంటుంది. మీ ఇంట్లో ఇలా జరిగితే అది దాదాపు ఖచ్చితంగా 'స్టాప్', లేదా 'డీజేవీయూ' అని పిలిచే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్. పెద్ద కంపెనీలను వదిలేసి ఇళ్లలోని కంప్యూటర్ల మీద పడేది ఇదే. ఎక్కువగా దొంగ విండోస్ యాక్టివేటర్లు, ఫోటోషాప్ క్రాక్‌లు, గేమ్ క్రాక్‌ల వెంట వస్తుంది.

మా చిన్నాన్న వాళ్ల ఇంట్లో ఇది పడినప్పుడు రిపేరు షాపతను అదే సాయంత్రం ఫార్మాట్ కొట్టేశాడు. కంప్యూటర్ కొత్తదానిలా పనిచేసింది, కానీ పదేళ్ల ఫోటోలు పోయాయి. తాళం పడిన ఫైళ్లను దాచి ఉంటే వాటిలో కొన్నయినా బయటకు తీయొచ్చని మాకు ఆ తర్వాతే తెలిసింది. అందుకే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. టెన్షన్‌లో మొదట ఫార్మాట్ చేయకండి, డబ్బూ కట్టకండి.

1. ముందుగా నెట్ తీసేయండి

వైఫై ఆపండి, కేబుల్ ఉంటే పీకేయండి. పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఏది తగిలించి ఉన్నా తీసేయండి. ఆ కంప్యూటర్‌లో గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ సింక్ అవుతుంటే పాడైన ఫైళ్లు అక్కడికి కూడా వెళ్తాయి. నెట్ తీసేస్తే అదీ ఆగుతుంది. 'రీడ్‌మీ' నోటును ఫోన్‌తో ఫోటో తీసుకుని కంప్యూటర్ ఆపేయండి.

ఇక ఆ విండోస్ నడుస్తుండగా మళ్లీ ఏ డ్రైవ్‌నూ తగిలించకండి. ఈ వైరస్ కొన్ని నిమిషాలకోసారి తనంతట తాను మళ్లీ నడిచేలా షెడ్యూల్ పెట్టుకుంటుంది. బ్యాకప్ డిస్కును ఆత్రంగా గుచ్చితే దానికి కూడా తాళం పడుతుంది.

2. ఆ రాత్రే పాస్‌వర్డ్‌లు మార్చండి

చాలామంది వదిలేసే పని ఇదే. డీజేవీయూ చాలాసార్లు ఒంటరిగా రాదు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రాములను కూడా వెంట తెస్తుంది. ఫోన్ నుంచో మరో కంప్యూటర్ నుంచో మొదట జీమెయిల్, తర్వాత బ్యాంకు, ఆపై ఫేస్‌బుక్ లాంటివి మార్చండి. 'అన్ని పరికరాల నుంచి లాగౌట్' నొక్కండి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. ఖాతాలోంచి డబ్బు కదిలితే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. డబ్బు పోకపోయినా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

3. పాత డిస్కును పక్కన దాచండి

అన్నిటికన్నా సులువైన దారి కొత్త ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని కంప్యూటర్‌లో బిగించడం, పాత డిస్కును అలాగే తీసి దాచడం. ఖర్చు పెట్టలేకపోతే మరో కంప్యూటర్‌లో ఉబుంటు లాంటి లైనక్స్‌ను (విండోస్‌కు బదులు వాడే సిస్టమ్) పెన్‌డ్రైవ్ మీద తయారుచేసి, దానితో మీ కంప్యూటర్‌ను బూట్ చేయండి. అప్పుడు విండోస్ నడవదు, వైరస్ కూడా నడవదు. తాళం పడిన ఫైళ్లన్నిటినీ ఖాళీ హార్డ్‌డిస్కులోకి కాపీ చేయండి. వాటితోపాటు ఒక 'రీడ్‌మీ' నోటు, సీ డ్రైవ్‌లోని 'సిస్టమ్‌ఐడీ' ఫోల్డర్ కూడా తీసుకోండి. ఫైళ్ల పేర్లు మార్చకండి.

4. విండోస్‌ను మళ్లీ వేయండి

యాంటీవైరస్‌తో శుభ్రం చేసి అదే విండోస్‌తో సర్దుకుపోదామని నేను చెప్పను. ఏమేం లోపల మిగిలాయో తెలియదు. శుభ్రమైన కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ తయారుచేయండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత డిస్కునే వాడుతుంటే, కాపీ పూర్తయిందని రెండుసార్లు చూసుకున్నాకే పార్టిషన్లన్నీ తీసేయండి. ఈసారి క్రాక్ విండోస్ వద్దు.

5. ఫైళ్లు తెరిచే ప్రయత్నం

ఇప్పుడు తొందర లేదు. 'ఐడీ రాన్సమ్‌వేర్' సైటులో నోటును, ఒక పాడైన ఫైలును ఎక్కిస్తే ఇది ఏ రకమో చెబుతుంది. యూరోపోల్, డచ్ పోలీసులు, రెండు సెక్యూరిటీ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన 'నో మోర్ రాన్సమ్' సైటులో ఉచిత డిక్రిప్టర్లు, అంటే తాళం తీసే ప్రోగ్రాములు ఉంటాయి. డీజేవీయూకి ఎమ్సిసాఫ్ట్ అనే సంస్థ 2019 అక్టోబరులో డిక్రిప్టర్ ఇచ్చింది.

అది అందరికీ పనిచేయదు. వైరస్ తన సర్వర్‌తో మాట్లాడగలిగితే మీ ఒక్కరికే ప్రత్యేకమైన తాళం చెవి తెచ్చుకుంటుంది. సర్వర్ దొరకకపోతే తనలో ముందే ఉన్న చెవితో తాళం వేస్తుంది. ఆ చెవి అదే రకం బారిన పడిన చాలామందికి ఒకటే. నోటులో వైరస్ మీకు ఇచ్చిన ఐడీ చివర చిన్న అక్షరాల్లో 'టీ1' అని ఇంగ్లీషులో ఉంటే రెండో రకం అని అర్థం. ఆ చెవి ఎమ్సిసాఫ్ట్ చేతికి అందిన రోజున మీ ఫైళ్లు తెరుచుకుంటాయి.

'టీ1' లేకపోయినా దారులున్నాయి. త్వరగా పని ముగించాలని డీజేవీయూ ప్రతి ఫైలులో మొదటి 150 కేబీకి మాత్రమే తాళం వేస్తుంది. ఒక వర్డ్ ఫైలు మొత్తం అందులోనే పోతుంది గానీ, 500 ఎంబీ పెళ్లి వీడియోలో అది ఏపాటి? 'మీడియా రిపేర్' అనే ఉచిత టూల్‌కు అదే కెమెరాతో తీసిన బాగున్న వీడియో ఒకటి చూపిస్తే పాడైన చాలా వీడియోలను నడిచేలా చేస్తుంది. పెద్ద జిప్ ఫైలైతే చివరి తోక తీసేసి సెవెన్ జిప్‌తో తెరవండి. మొదటి ఒకటి రెండు ఫైళ్లు పోయినా మిగతావి వస్తాయి. ఈ ప్రయోగాలన్నీ కాపీల మీదే చేయండి.

మిగతావాటిని బయట వెతకండి. వాట్సాప్ గ్రూపులు, జీమెయిల్ సెంట్ ఫోల్డర్, బంధువుల ఫోన్లు, పాత మెమరీ కార్డులు చూడండి. గూగుల్ డ్రైవ్‌లోకి పాడైన ఫైలు వెళ్లి ఉంటే 'వెర్షన్లు' తెరవండి, పాత కాపీ సాధారణంగా 30 రోజులు ఉంటుంది.

యూట్యూబ్‌లో, టెలిగ్రామ్‌లో 'గ్యారంటీగా తెరుస్తాం' అనే వాళ్ల దగ్గరికి వెళ్లకండి. 2020లో డీజేవీయూ డిక్రిప్టర్ అని చెప్పుకుంటూ ఒక ప్రోగ్రాము వచ్చింది. నిజానికి అది 'జోరబ్' అనే మరో రాన్సమ్‌వేర్. అప్పటికే తాళం పడిన ఫైళ్లకు అది ఇంకో తాళం వేసింది.

6. తెరుచుకోని డిస్కు

దాని మీద చీటీ అంటించి తేదీ, ఫైళ్ల చివరి తోక, మీ ఐడీ రాసి బీరువాలో పెట్టండి. ఐడీలో 'టీ1' ఉన్నవాళ్లు కొన్ని నెలలకోసారి డిక్రిప్టర్‌ను మళ్లీ నడిపి చూడండి. కొత్త బ్యాకప్‌కు మాత్రం వేరే డిస్కు తీసుకోండి. కాపీ అవగానే దాని కేబుల్ పీకేయండి.