చెరువు కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని గుర్తించి, దాన్ని ఆపడం ఎలా?

మట్టితో కట్టిన ఏ కట్టయినా కొంత నీటిని తనలోంచి అవతలికి వదులుతుంది. ఊట ఉన్నంత మాత్రాన కట్ట చెడిపోయినట్టు కాదు. ఆ నీరు తనతోపాటు మట్టిలోని సన్నని రేణువులను మోసుకుపోవడం మొదలైనప్పుడే అసలు ప్రమాదం వస్తుంది. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది, లోపల మాత్రం ఊట బయటపడే చోట పుట్టిన సన్నని బుంగ వెనక్కి, నీటి వైపుగా పెరుగుతూ పోతుంది. ప్రపంచంలో తెగిపోయిన మట్టి డ్యాముల్లో దాదాపు సగం ఇలాంటి లోపలి కోత వల్లనే తెగాయి.

ముందుగా మీ కట్టలో ఉన్నది ఎలాంటి మట్టో తెలుసుకోవాలి. ఇసుక రేణువులకు ఒకదానితో ఒకటి పట్టు ఉండదు. ముతక ఇసుక, సన్న ఇసుక ఉండి మధ్యరకం రేణువులు లేనప్పుడు, ముతక రేణువుల సందుల్లోంచి సన్నవి సులువుగా జారిపోతాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగినప్పుడు, పునాది కింది ఇసుక కొట్టుకుపోవడాన్ని జాతీయ డ్యామ్ భద్రతా అథారిటీ కారణాల్లో ఒకటిగా చూపింది. బంకమట్టికి పట్టు ఉంటుంది కాబట్టి భయం లేదని చాలామంది అనుకుంటారు, అది అన్నిచోట్లా నిజం కాదు. సోడియం ఎక్కువగా ఉన్న చౌడు బంకమట్టి, నీరు తగలగానే దానంతట అదే విడిపోతుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. కట్ట లోపలి నుంచి తీసిన మట్టిని, సహజమైన తేమ పోకముందే, శనగగింజంత ఉండగా తీసుకుని, గాజు గ్లాసులోని డిస్టిల్డ్ వాటర్‌లో కదపకుండా వదలాలి. బోరు నీరు వాడకూడదు, ఎందుకంటే అందులోని లవణాలు మట్టి విడిపోవడాన్ని అడ్డుకుని తప్పుడు భరోసా ఇస్తాయి. ఉండ విరిగి, కుప్పగా కూలి, చుట్టూ నీరు తేటగానే ఉంటే పెద్ద చింత లేదు. ఉండ చుట్టూ పాలలాంటి మబ్బు లేచి గ్లాసు అడుగున పరుచుకుంటే, అది నీటిలో కరిగిపోయే రకం మట్టి అని అర్థం. అయితే మబ్బు కనిపించనంత మాత్రాన పూర్తిగా నమ్మకుండా, ప్రయోగశాలలో పిన్‌హోల్ పరీక్ష (మట్టిలో సూదిమొనంత రంధ్రం చేసి, దానిగుండా నీరు పంపి చూసేది) చేయించడం మంచిది.

తరువాత కట్ట వెలుపలి అడుగు వెంట నడిచి చూడాలి. చెరువు నిండుతున్న రోజుల్లోనే ఈ పని ఎక్కువగా చేయాలి, ముఖ్యంగా ఎండాకాలంలో రేగడి మట్టి పగుళ్లిచ్చిన కట్టల్లో మొదటిసారి నీరు ఎక్కే సమయం చాలా సున్నితమైనది. తూము గోడకూ మట్టికీ మధ్య సందు, పాత గండి పూడ్చిన చోటు, చచ్చిన చెట్ల వేళ్లు, పందికొక్కులు, పీతలు తవ్విన బొక్కలు, వీటి దగ్గర ఆగి చూడాలి. నేల మెత్తబడిందా, చిన్న పుట్టలాగా ఇసుక పైకి ఉబుకుతోందా, కట్ట మీద ఎక్కడైనా గుంత పడిందా అని గమనించాలి. కట్ట అడుగున ఎవరైనా మట్టి కోసం గొయ్యి తవ్వి ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే నీరు ప్రయాణించే దారి కురచై, బయటపడే చోట దాని ఒత్తిడి పెరుగుతుంది.

ఊట కనిపిస్తే ఆ నీటిని గాజు సీసాలో పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచి, అడుగున మడ్డి పేరుకుందా చూడాలి. ఒక బకెట్ నిండటానికి ఎంతసేపు పడుతుందో, చెరువులో నీటిమట్టం ఎంతో రోజూ రాసుకోవాలి. నీటిమట్టం పెరగకపోయినా ఊట పెరిగితే, లేదా తేటగా వచ్చే నీరు మట్టిరంగుకు తిరిగితే, ఇక సీసా తేటపడేదాకా ఎదురుచూడకూడదు. అమెరికాలోని ఇడాహోలో సుమారు 93 మీటర్ల ఎత్తున్న టీటన్ డ్యామ్ దగ్గర 1976 జూన్ 5 ఉదయం బురద ఊట కనిపించగా, మధ్యాహ్నం 12 గంటలు కాకముందే డ్యామ్ తెగిపోయింది. 11 మంది చనిపోయారు.

మట్టి నీరు వస్తోందంటే వెంటనే తూము తెరిచి చెరువు మట్టాన్ని తగ్గించడం, నీటిపారుదల శాఖ ఇంజనీరుకు కబురు చేయడం, దిగువన ఉన్నవారిని హెచ్చరించడం ఒకేసారి జరగాలి. ఆ హడావిడిలో అందరూ చేసే పని, ఊట కన్నులో బంకమట్టి కుక్కి మూసేయడం. ఆ పని చేయవద్దు. లోపల ఒత్తిడి పెరిగి నీరు మరోచోట ఇంకా బలంగా పొడుచుకొస్తుంది. నీటిని పోనిచ్చి మట్టిని మాత్రం నిలపాలి. ఊట మీద ముందు శుభ్రమైన ముతక ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన పెద్ద కంకర వేయాలి. నేరుగా రాళ్లు వేస్తే సందుల్లోంచి మట్టి పోతూనే ఉంటుంది. ప్రవాహం ఇసుకను కూడా నెట్టేసేంత బలంగా ఉంటే, చుట్టూ ఇసుక బస్తాలతో బావి గట్టులా గుండ్రంగా పేర్చి లోపల నీటిమట్టం పెంచాలి. నీరు తేటబడగానే ఆపేయాలి, పూర్తిగా ఆగేదాకా పెంచకూడదు. చెరువు వైపు సుడి కనిపిస్తే నీరు లోపలికి దూరే కన్ను అక్కడ ఉండవచ్చు. బంకమట్టి బస్తాలు, టార్పాలిన్ వేయాల్సింది ఆ వైపునే. సుడి దగ్గరికి మనిషి దిగకూడదు.

నీరు తగ్గాక శాశ్వత మరమ్మతు చేయాలి. దెబ్బతిన్న మట్టిని గట్టి మట్టి తగిలేదాకా తీసేసి, పక్కలను మెట్లుగా కోసి, సరైన తేమతో జానెడుకు మించని పొరలుగా రోలింగ్ చేసి నింపాలి. కరిగిపోయే మట్టయితే వేరే మట్టి తేవాలి, లేదంటే పరీక్షల ప్రకారం సున్నం గానీ జిప్సం గానీ కలపాలి. దిగువ వైపు వడపోత పొరకు ఇసుకను జల్లెడ పరీక్షతో ఎంచాలి: ఆ ఇసుకలో 15 శాతం ఏ కొలత కంటే సన్నగా ఉంటుందో ఆ కొలత, కట్ట మట్టిలో 85 శాతం ఏ కొలత కంటే సన్నగా ఉంటుందో దానికి నాలుగైదు రెట్లు మించకూడదు. మట్టి ఇంజనీరింగ్ శాస్త్రానికి ఆద్యుడైన కార్ల్ టెర్జాగీ కాలం నుంచి వస్తున్న నియమమిది. తూము చుట్టూ మట్టిని పెద్ద రోలరుతో అదమడం కుదరదు కనుక అక్కడ చిన్న యంత్రంతో అదిమించి, దిగువ భాగంలో తూమును చుట్టి ఈ ఇసుక పొర తప్పక వేయించాలి.