సెకండ్ హ్యాండ్ బండి కొన్నారా? మొదటి శనివారం దానికే ఇవ్వండి

బ్రిటన్‌కు వచ్చిన రెండు మూడు నెలలకు మనవాళ్లలో చాలామంది కన్ను 125 సీసీ బండి మీద పడుతుంది. తెల్లవారుజామున గోదాములో షిఫ్టు ఉంటుంది, ఆ వేళకు బస్సు ఉండదు. కారు కొందామంటే బీమా ధర వినగానే ఆ ఆలోచన చల్లబడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు పాత యమహా వైబీఆర్ గురించో, హోండా సీబీఎఫ్ గురించో చెబుతారు. ఈ సీబీఎఫ్ 125 మనకు కొత్తదేమీ కాదు. భారత్‌లో తయారై ఓడెక్కి వచ్చింది, మన ఊళ్లలో స్టన్నర్ పేరుతో తిరిగింది. బండి తెలిసినదే. దాని బాగోగులు ఇక్కడ ఎవరు చూస్తారన్నదే తెలియనిది.

మన దగ్గర మెకానిక్ షెడ్డు వీధి చివర ఉంటుంది. బండి అప్పగించి పక్క కొట్టులో టీ తాగి వచ్చేసరికి, మనం చెప్పని పనులు కూడా రెండు చేసి పెడతాడు. ఇక్కడ కూలీయే గంటకు 50 పౌండ్లు దాటుతుంది, అదీ వారం ముందు తేదీ తీసుకుంటేనే. వెయ్యి పౌండ్ల బండికి ప్రతి చిన్న పనికీ షాపుకు వెళితే ఏడాది తిరిగేలోపు ఇంకో బండి ధర అయిపోతుంది. అందుకే నా సలహా ఒకటే. కొన్న మొదటి శనివారం బండి ఎక్కకండి, దాని పక్కన కూర్చోండి. అమ్మినవారు ఏం చెప్పినా, సర్వీసు పుస్తకంలో ఎన్ని ముద్రలున్నా, ఏ పనీ జరగలేదనే అనుకుని మొదలుపెట్టండి.

కాగితాల సంగతి త్వరగా ముగిస్తాను. వి5సి అనే లాగ్‌బుక్కు చూడటానికి మన సి-బుక్కులా ఉంటుంది కానీ యాజమాన్యానికి రుజువు కాదు. బండి ఎవరి పేరున నమోదై ఉందో మాత్రమే చెబుతుంది. కాబట్టి అమ్మినవారి చేత రసీదు రాయించుకోండి, ఫ్రేము మీద చెక్కిన నంబరును పుస్తకంలోని నంబరుతో ఒక్కో అక్షరం చూసి సరిపోల్చండి. పాత యజమాని కట్టిన రోడ్డు పన్ను బండితో పాటు మీకు రాదు, మీ పేరున మళ్లీ కట్టాలి. బీమా లేని బండిని వీధిలో నిలిపి ఉంచడం కూడా నేరమే. లెర్నర్‌గా నడిపేవారికి సీబీటీ శిక్షణ పత్రం ఉండాలి, అది రెండేళ్లు చెల్లుతుంది. లెర్నర్‌గా ఉన్నన్నాళ్లూ ఎర్ర ఎల్ బోర్డులు తగిలించాలి, వెనుక ఎవరినీ ఎక్కించుకోకూడదు, మోటర్‌వే ఎక్కకూడదు. విద్యార్థి వీసా మీద ఉన్నవారికి ఇంకో మాట. భోజనం డెలివరీ చేసే యాప్‌ల పని స్వయం ఉపాధి కింద లెక్క, ఆ వీసా దాన్ని అనుమతించదు. అందరూ చేస్తున్నారు కదా అని ఆ లెక్కతో బండి కొనకండి.

బండిని ముట్టుకునే ముందు దాని ఎంఓటీ, అంటే రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసే పరీక్ష, చరిత్ర చదవండి. మూడేళ్లు దాటిన ప్రతి బండికీ ఏటా ఈ పరీక్ష జరగాలి, మోటార్‌సైకిలుకు దీని గరిష్ఠ రుసుము 29.65 పౌండ్లు. ప్రభుత్వ వెబ్‌సైటులో నంబరు ప్లేటు మీది నంబరు కొడితే పాత పరీక్షల ఫలితాలు ఉచితంగా కనిపిస్తాయి. ఏ ఏడు ఎన్ని మైళ్లు తిరిగింది, దేనికి తప్పింది, పాసైనా ఏమేం చూసుకోమన్నారు, అన్నీ ఉంటాయి. నా బండికి వరుసగా మూడేళ్లు "గొలుసు వదులుగా ఉంది, అరిగింది" అని రాసి ఉంది. ఒక్కరూ మార్చలేదు. ఈ సంగతి నేను డబ్బులిచ్చిన తర్వాత చదివాను, మీరు ముందే చదవండి. ఎంఓటీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఆ పరీక్షలో ఇంజిన్ ఆయిల్ ఎవరూ చూడరు.

పనికి చోటు కావాలి. అద్దె ఇంటి పెరట్లో పరిచిన రాతి పలకల మీద నూనె మరక పడిందంటే ఇల్లు ఖాళీ చేసే రోజున డిపాజిట్టులో కోత పడుతుంది. పెద్ద అట్టపెట్టె విప్పి పరవండి. నూనె ఒలికితే పిల్లి కింద వేసే మట్టి గుళికలు సూపర్‌మార్కెట్‌లో దొరుకుతాయి, చల్లితే పీల్చేస్తాయి. పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. జపాన్ బండ్లకు 8, 10, 12, 14, 17 మిల్లీమీటర్ల సాకెట్లు, అలెన్ కీలు, వెనుక ఇరుసు నట్టుకు సరిపోయే ఒక పెద్ద పానా ఉంటే తొంభై పాళ్ల పని అయిపోతుంది. ఆ బండ్ల స్క్రూల తలలు ప్లస్ గుర్తులా ఉన్నా మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ వాటిలో సరిగ్గా కూర్చోదు, జారి తలను పాడుచేస్తుంది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) అని రాసినది కొనండి. కంపెనీ మాన్యువల్ ఇంటర్నెట్‌లో వెతికి ఫోనులో పెట్టుకోండి. నేను కింద చెప్పే అంకెలకూ మాన్యువల్‌కూ తేడా వస్తే మాన్యువల్‌దే పైమాట.

మొదటి పని ఇంజిన్ ఆయిల్. ఇక్కడ మనవాళ్లు తరచూ చేసే పొరపాటు, సూపర్‌మార్కెట్‌లో చవకగా ఉందని కారు ఆయిల్ పోయడం. బండిలో క్లచ్ పలకలు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. రాపిడి తగ్గించడానికి చాలా కారు ఆయిళ్లలో కలిపే మందులు ఆ పలకలను జారేలా చేస్తాయి. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి, ఇలాంటి క్లచ్‌లకు సరిపడే ఆయిల్ అని దాని అర్థం. మన ఎండలకు 20డబ్ల్యూ-40 పోసిన అలవాటుతో ఇక్కడా అదే వెతకకండి. జనవరి ఉదయం ఆ చిక్కదనం ఇంజిన్‌కు భారం, చాలా 125లకు 10డబ్ల్యూ-40 సరిపోతుంది.

బండిని ఐదు నిమిషాలు తిప్పి, ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా ఆపి, కింది డ్రెయిన్ బోల్టు విప్పండి. నా బండి బోల్టు మొదట కదలలేదు. వెనుకటి యజమాని కాలితో తొక్కి బిగించినట్టున్నాడు. గోడ మీదుగా చూస్తున్న పక్కింటి పెద్దాయన, ఈ కోవెంట్రీలో ఒకప్పటి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయినాయన, తన పొడవు పిడి పానా తెచ్చి సుతారంగా కదిలించి ఇచ్చారు. తిరిగి బిగించేటప్పుడు మాత్రం చిన్న పానా చేతిలో పెట్టి, మోచేయి కదలకుండా మణికట్టుతో ఎంత బిగిస్తే అంత చాలన్నారు. అల్యూమినియం మరలు తెగితే ఆ బోల్టు కూర్చునే ఇంజిన్ గుల్లకే ఎసరు. బోల్టు కింది వాషర్ కొత్తది వేయండి, రూపాయల్లో చెప్పాలంటే చాయ్ ఖర్చు. నూనె నల్లగా ఉంటే కంగారు లేదు. పాలు కలిసిన టీలా ఉంటే బండిని చాలాకాలం చలిలో దగ్గరి దూరాలకే తిప్పారని, లోపల తేమ చేరిందని అర్థం. వెండి రేకుల్లా లోహం కనిపిస్తే మాత్రం మెకానిక్ దగ్గరికే.

కొత్త ఆయిల్ సుమారు లీటరు పడుతుంది. బండిని పక్క స్టాండు మీద కాకుండా నిటారుగా నిలిపి మట్టం చూడండి. చాలా 125లకు కాగితపు ఫిల్టరు ఉండదు, జల్లెడ మాత్రమే ఉంటుంది. అందుకే నేను 1,500 మైళ్లకు ఒకసారి మారుస్తాను, వారానికి ఒకసారి మట్టం చూస్తాను. చిన్న ఇంజిన్‌ను గంటల తరబడి పూర్తి వేగంలో నడిపితే ఆయిల్ చెప్పకుండా తగ్గిపోతుంది. పాత ఆయిల్‌ను ఖాళీ డబ్బాలో పోసి కౌన్సిల్ వారి రీసైక్లింగ్ కేంద్రంలో ఇవ్వండి, ఇక్కడివారు దాన్ని టిప్ అంటారు. కాలువలో పోయడం నేరం.

గొలుసు దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి, పాత బండి గుట్టు అక్కడే బయటపడుతుంది. వెనుక పళ్లచక్రానికి అన్నిటికంటే వెనుక ఉన్న చోట గొలుసును వేళ్లతో పట్టి వెనక్కి లాగండి. సగం పన్ను కనిపించేంతగా లేస్తే దాని పని అయిపోయింది. పళ్లు కొడవలి మొనల్లా ఒకవైపు వంగినా అంతే. గొలుసు ఒక్కటే మార్చి డబ్బు మిగిల్చుకోవాలని చూడకండి, అరిగిన పళ్ల మీద కొత్త గొలుసు కొన్ని నెలలకే పాతబడుతుంది. గొలుసు, ముందు పళ్లచక్రం, వెనుక పళ్లచక్రం మూడూ కలిపి కిట్‌గా అమ్ముతారు.

బాగుంటే శుభ్రం చేయాలి. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ తుడవండి. ఇంజిన్ నడుస్తుండగా, బండిని గేరులో ఉంచి గుడ్డతో తుడిచేవారి వీడియోలు కనిపిస్తాయి. గుడ్డతో పాటు వేళ్లు లోపలికి వెళ్లడానికి రెప్పపాటు చాలు. మన కిరోసిన్ లాంటిదాన్నే ఇక్కడ పారఫిన్ అంటారు, పాత టూత్‌బ్రష్‌తో కలిపి బాగా పనిచేస్తుంది. పెట్రోలు వాడకండి. ఆరిన తర్వాత గొలుసు లోపలి వైపు లూబ్ కొట్టండి, చక్రం తిరిగేటప్పుడు అది బయటి వైపుకు తనంతట తానే పాకుతుంది. సాయంత్రం ఇంటికి వచ్చాక, గొలుసు వెచ్చగా ఉండగా కొట్టి రాత్రంతా వదిలేస్తే ఇంకా మంచిది.

బిగువు చూడటానికి చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ గొలుసు మధ్యలో పైకీ కిందికీ కదపండి. చాలా 125లకు 25 నుంచి 35 మిల్లీమీటర్ల ఊపు ఉండాలి. అరిగిన గొలుసు ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా ఉంటుంది, బిగువైన చోటే కొలవండి. ఇరుసు నట్టు వదులు చేసి రెండు వైపులా సర్దుబాటు నట్లను సమానంగా తిప్పండి, లేకపోతే వెనుక చక్రం వంకరగా కూర్చుంటుంది. మరీ బిగించడం వదులుగా ఉంచడం కంటే చెడ్డది. మీరు కూర్చుంటే గొలుసు ఇంకా బిగుస్తుంది, ఆ లాగుడంతా బేరింగుల మీద పడుతుంది.

టైర్ల విషయంలో బేరం లేదు. చట్టప్రకారం వెడల్పులో ముప్పాతిక భాగానికి కనీసం 1 మిల్లీమీటరు గాడి ఉండాలి కానీ, ఈ వానల్లో అంతవరకు ఆగకండి. గాడి ఉంటే చాలదు, వయసూ చూడాలి. టైరు పక్కన అండాకారపు గీత లోపల నాలుగు అంకెలుంటాయి. 2316 అంటే 2016లో 23వ వారం. నా బండి ముందు టైరు కొత్తదానిలా నిగనిగలాడేది, తీరా చూస్తే తొమ్మిదేళ్లది. తడి రౌండబౌట్ దగ్గర అది జారిన తీరు ఇప్పటికీ గుర్తుంది. మన బంకుల్లో గాలి ఉచితం, ఇక్కడ చాలాచోట్ల డబ్బు వేస్తేనే యంత్రం పనిచేస్తుంది. ఒక కొలత గడియారం, కాలి పంపు కొనేయండి. ఉదయం, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవండి. చాలా 125లకు ఒక్కరు నడిపితే ముందు 25, వెనుక 29 పీఎస్ఐ దరిదాపుల్లో ఉంటుంది.

బ్రేకు ప్యాడ్లు టార్చి వేసి చూడండి, రాపిడి పొర 2 మిల్లీమీటర్లకు దగ్గరైతే మార్చాలి. హ్యాండిల్ దగ్గర చిన్న కిటికీలో బ్రేకు ద్రవం కాఫీ రంగుకు మారి ఉంటే అది తేమ పీల్చిన పాతది, రెండేళ్లకోసారి మారాలి. ఈ ఒక్క పని చేయడం రాకపోతే మెకానిక్‌కు డబ్బివ్వడానికి వెనకాడకండి. ద్రవం పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. ముందు బ్రేకుకూ వెనుక బ్రేకుకూ విడివిడిగా ఎర్ర దీపం వెలుగుతోందో లేదో గోడ మీది వెలుగులో చూసుకోండి.

బ్యాటరీ చలికి నీరసిస్తుంది. విప్పేటప్పుడు ముందు మైనస్, పెట్టేటప్పుడు ముందు ప్లస్. నెలల తరబడి నిలిపిన బండైతే ట్యాంకులోని పెట్రోలు తీసేయండి. 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది, అది తేమను లాగుతుంది. పాత కార్బురేటర్ బండ్లకు సూపర్ రకంలోని ఈ5, అంటే ఇథనాల్ 5 శాతం వరకే ఉండేది, మేలు. బంకులో మీరే పోసుకోవాలి, ఆకుపచ్చ పిడి పెట్రోలు, నల్లది డీజిల్.

మన ఊళ్లో లేని శత్రువు ఒకటుంది, ఉప్పు. నవంబరు నుంచి మంచు పట్టకుండా రోడ్ల మీద చల్లుతారు. మన సముద్రతీరపు ఊళ్లలో ఏళ్ల తరబడి పట్టే తుప్పు ఇక్కడ ఒక్క చలికాలంలో పడుతుంది. ఇంటికి రాగానే చన్నీళ్లతో కడగండి, వేడినీళ్లు ఉప్పు పనిని ఇంకా వేగిరం చేస్తాయి. ఆరిన తర్వాత ఏసీఎఫ్-50 లాంటి తుప్పు నిరోధక ద్రవం బోల్టుల మీద, సైలెన్సర్ కీళ్ల దగ్గర పట్టించండి. డిస్కు మీద, టైరు మీద మాత్రం చుక్క కూడా పడకూడదు.

అన్నీ అయ్యాక తాళం. దొంగతనాలు ఎక్కువ, గొలుసు తాళం ఒకటి, డిస్కు తాళం ఒకటి వాడండి. డిస్కు తాళానికీ హ్యాండిల్‌కూ కలిపి ఒక రంగు తీగ కట్టుకోండి. మొదటి వారమంతా పానాలతో కుస్తీ పట్టి, బండిని పెళ్లికొడుకులా తయారుచేసి, సోమవారం ఉదయం తాళం తీయకుండా క్లచ్ వదిలినవాడిని నేను. మోకాలి చిప్ప మీద గుర్తు ఉంది. పక్కింటి పెద్దాయన అప్పుడు కూడా గోడ మీదుగా చూస్తూనే ఉన్నారు.